హిలోలో చేమాకూ, కొండ మీద ఈవీ పిట్టా

మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. పిట్టల పిచ్చి. షికాగో దగ్గర నేపర్‌విల్‌లో మా వంటింటి కిటికీ పక్కన ఒక బైనాక్యులర్స్, ఒక నోట్‌బుక్కు ఎప్పుడూ ఉంటాయి. అన్నం తింటూ తింటూ లేచి పరిగెత్తుతుంది. నాకు పిచ్చి అంటూ ఏదైనా ఉంటే అది తిండి మీదే. కొత్త ఊరికి వెళ్తే గుడికన్నా ముందు కూరగాయల బజారు ఎక్కడుందో వెతుక్కునే రకాన్ని. మా ఇద్దరినీ ఒకే విమానం ఎక్కించింది మాత్రం మా ఆవిడే.

స్ప్రింగ్ బ్రేక్‌కి హవాయి వెళ్దామని అమ్మాయి రెండేళ్ళుగా అడుగుతోంది. బీచ్ కోసం కాదు. అక్కడ పెద్ద దీవిలో, కొండ మీది అడవుల్లో, ఎర్రటి పిట్ట ఒకటి ఉంటుందట. పేరు ఈవీ. అక్కడివాళ్ళు మొదటి అక్షరాన్ని సాగదీసి, మధ్యలో చిన్నగా ఆపి, ఈ-ఈవీ అంటారు. హవాయి దీవుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదట. మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఆ వారం ఆవిడకి సెలవు దొరకలేదు. "మీరిద్దరూ వెళ్ళండి. దానికి పిట్ట, మీకు చేపల కూర. నాకు ఒక వారం నిద్ర" అంది.

మార్చి నెల. ఇంటి ముందు మంచు తవ్వి కారు బయటికి తీసి విమానాశ్రయానికి వెళ్ళిన మేము, ఆ సాయంత్రానికి హిలోలో చొక్కా తడిసిపోయే ఉక్కలో నిలబడ్డాం. హిలో ఆ దీవికి తూర్పున ఉన్న చిన్న ఊరు. ఎప్పుడూ వానే. గాలిలో ఏదో పువ్వు వాసన, దానితో పాటు తడిమట్టి వాసన. కారు అద్దెకి తీసుకుని పది నిమిషాలు వెళ్ళామో లేదో, రోడ్డుకి అడ్డంగా గోధుమరంగు జంతువొకటి, పొడుగు తోకతో, సర్రున దూసుకుపోయింది.

"ముంగిస!" అని అరిచాను. నిజంగానే అరిచాను. చూసి ఇరవై ఏళ్ళు దాటింది. "తల్లీ, ముంగిస చూశావా! అది ఎదురైతే అదృష్టం. మా నాయనమ్మ అనేది."

"నాన్నా, అది బ్యాడ్. చాలా బ్యాడ్," అంది అమ్మాయి. "ఎలుకల్ని తింటుందని చెరుకు తోటల వాళ్ళు తెచ్చారు. ఎలుకలు రాత్రి తిరుగుతాయి, ఇది పగలు తిరుగుతుంది. సో ఎలుకల్ని తినలేదు, పిట్టల ఎగ్స్ తినేసింది."

తర్వాత సిగ్నల్ దగ్గర గోరింకల గుంపు కనబడింది. నాకు మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. అవి కూడా బయటినుంచి వచ్చినవేనని, లెక్కలోకి రావని అమ్మాయి చెప్పింది. నేను గుర్తుపట్టిన ప్రతి ప్రాణీ దాని నోట్‌బుక్కులో తప్పు పేజీలోకే పోతోంది. అయినా ఆ గోరింకల అరుపు వింటూ నేను కారు నెమ్మదిగానే నడిపాను.

మేము దిగింది ఒక పెద్దావిడ ఇంటి వెనకున్న రెండు గదుల చిన్న ఇంట్లో. ఆవిడకి డెబ్భై దగ్గర పడ్డాయి. ఊళ్ళో బడి వంటశాలలో ముప్ఫై ఏళ్ళు వండి రిటైరైందట. భర్త పోయి కొంతకాలమైంది. పువ్వుల గౌను, నెరిసిన జుట్టు ముడి, కాళ్ళకి రబ్బరు చెప్పులు. మేము దిగగానే తాళంచెవి ఇచ్చి, మా అమ్మాయితో, "నన్ను ఆంటీ అను. ఇక్కడ పెద్దవాళ్ళందరూ ఆంటీలే, అంకుల్సే" అంది. మా అమ్మాయి మొహం వెలిగిపోయింది. స్కూల్లో స్నేహితులకి ఎంత చెప్పినా అర్థంకాని సంగతి ఇక్కడ ఎవరూ చెప్పకుండానే నడుస్తోంది. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే అయినా, నా చెవికి ఎలా తోచిందో అలా తెలుగులోనే రాస్తున్నాను.

పెరట్లో చూస్తే నాకు మతిపోయింది. సీమపనస చెట్టు! వేళ్ళు చాపిన చెయ్యి లాంటి ఆకులు, కొమ్మకొమ్మకీ పచ్చటి గుండ్రటి కాయలు. మాది కోనసీమ. సీమపనస వేపుడు తిని పెరిగినవాణ్ణి. షికాగో చుట్టుపక్కల ఏ ఇండియన్ స్టోర్లో అడిగినా పనసకాయ డబ్బా చేతిలో పెట్టేవారు తప్ప ఈ కాయ మొహం చూపించినవాళ్ళు లేరు. ఆ చెట్టు కింద నేను నిలబడిపోతే, లోపలినుంచి అమ్మాయి కేక వేసింది. వంటింటి గట్టు మీద పచ్చటి బల్లి. పచ్చ అంటే చిలకపచ్చ. మెడ మీద బంగారుపొడి చల్లినట్టు చుక్కలు, నడుం మీద ఎర్రటి మచ్చలు. ముందు దిగినవాళ్ళు వదిలేసిన తేనెసీసా మూతని అది నాలుకతో నాకుతోంది.

"ఇది కూడా బయటిదేనా?" అని అడిగాను.

"అవును," అంది నిట్టూర్చి. "కానీ క్యూట్‌గా ఉంది. దీన్ని క్షమిస్తున్నాను."

మర్నాడు పొద్దున్నే బజారుకెళ్ళాం. రేకుల షెడ్డు కింద వరసగా బల్లలు. వెంట్రుకలు మొలిచినట్టుండే ఎర్రటి రాంబుటాన్ పళ్ళు, చక్కెరకేళీని గుర్తుచేసే పొట్టి అరటిపళ్ళు, కోస్తే గింజలగింజల పసుపు గుజ్జు ఉండే పుల్లటి లిలికోయ్ పళ్ళు. ఒకామె లిలికోయ్‌ని కత్తితో రెండు చెక్కలు చేసి చెంచా ఇచ్చింది. నిమ్మకాయ, జామపండు, తేనె కలిసినట్టుంది. నేను అక్కడే నిలబడి నాలుగు తిన్నాను. ఆ పక్క బల్ల మీద అరచేయంత వెడల్పున, ముదురుపచ్చగా, నారతో కట్టిన కట్టలు కనిపించాయి. చేమాకు! సాక్షాత్తూ చేమాకు. రెండు కట్టలు కొన్నాను. మూడోది కూడా కొనబోతుంటే అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపింది.

మేము ఎక్కడికెళ్ళినా రైస్ కుక్కరు, కందిపప్పు, ఆవకాయ, పోపు డబ్బా మాతో వస్తాయి. ఈసారి చింతపండు ఒక్కటే మర్చిపోయాను. సరే, నిమ్మకాయ పిండొచ్చులే అని చేమాకు తరిగి పప్పులో వేశాను. ఇరవై నిమిషాలు ఉడికింది. ఆకు మెత్తబడింది. వాసన గుమ్మున లేచింది. ఆగలేక గరిటెడు పప్పు గిన్నెలో వేసుకుని, ఊదుకుంటూ తినేశాను.

రెండో ముద్ద మింగేసరికి గొంతులో సూదులు. నాలుక మీద సూదులు. చెవుల లోపల కూడా దురద మొదలైనట్టుంది. దగ్గుతూ, గొంతు సవరిస్తూ, నీళ్ళ మీద నీళ్ళు తాగుతున్నాను. అమ్మాయి భయపడి పరిగెత్తుకెళ్ళి ఆంటీని పిలుచుకొచ్చింది. ఆవిడ గుమ్మంలోంచే గిన్నెని చూసింది, నన్ను చూసింది, నడుం మీద చెయ్యి పెట్టుకుని విరగబడి నవ్వింది.

"ఎంతసేపు ఉడికించావు?"

ఇరవై అన్నట్టు వేళ్ళు చూపించాను. మాట రావడం లేదు.

"ఇరవై నిమిషాలా! నేను బడిలో పిల్లలకి పొద్దున్న పొయ్యి మీద పెడితే మధ్యాహ్నానికి దింపేదాన్ని. ఆకు ఆకులా కనబడుతున్నంతసేపూ అది నిన్ను కరుస్తుంది."

గిన్నె తీసుకెళ్ళి మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. తన ఇంట్లోంచి కొబ్బరిపాలు తెచ్చి పోసింది. గంటన్నర. ఈలోగా నా గొంతు మెల్లగా దారికొచ్చింది. ఆకు కరిగిపోయి పప్పుతో కలిసి నల్లటి ఆకుపచ్చ ముద్దయ్యాక, పైన ఎండుమిరపకాయ, ఆవాలు, వెల్లుల్లి పోపు పెట్టాను. ముగ్గురం అన్నంలో కలుపుకుని తిన్నాం. ఆవిడ రెండుసార్లు వడ్డించుకుంది. "ఈ చిటపటలాడేవి ఏమిటి?" అని ఆవాల గురించి అడిగింది. చేమాకు పప్పులో కొబ్బరిపాలు పొయ్యొచ్చని నాకు ఇన్నేళ్ళూ తెలియనేలేదు. ఆ రుచికి నేను కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను.

ఆ మర్నాడు పిట్ట కోసం బయల్దేరాం. రెండు పెద్ద అగ్నిపర్వతాల మధ్యనుంచి ఒక రోడ్డు దీవిని అడ్డంగా కోస్తూ పైకి పోతుంది. గంటలో హిలో ఉక్కంతా పోయి స్వెట్టర్లు వేసుకున్నాం. పైన ఎటు చూసినా ఎప్పుడో పారి గడ్డకట్టిన నల్లటి లావా. మధ్యమధ్యలో, ఆ లావా పక్కకి తిరిగిపోయి వదిలేసిన అడవి ముక్కలు. నల్లటి సముద్రంలో పచ్చటి దీవుల్లా ఉన్నాయి. ఈవీ ఉండేది వాటిలోనే.

అడవిలో అడుగుపెట్టే ముందు అమ్మాయి నా బూట్లు విప్పించింది. బ్రష్‌తో మట్టి గీకి, ఆల్కహాల్ స్ప్రే కొట్టింది. అక్కడి ఓహియా చెట్లకి ఏదో తెగులు పట్టి చచ్చిపోతున్నాయట. మట్టితో పాటు తెగులు కూడా వస్తుందట. ఆ చెట్ల పువ్వుల్లోని తేనే ఈవీకి తిండి. "ఇంత ఎత్తుకి ఎందుకు రావాలి? కింద లేవా ఈ పిట్టలు?" అని అడిగాను.

"కింద దోమలు ఉన్నాయి నాన్నా. దోమ కుడితే వీటికి మలేరియా. ఒక్కసారి కుడితే చాలు, మోస్ట్లీ చచ్చిపోతాయి. ఇక్కడ చలి కాబట్టి దోమలు తక్కువ. కానీ ఎండలు పెరుగుతుంటే దోమలు కూడా పైకి వస్తున్నాయి." బూటు నా చేతికిచ్చి, "అందుకే ఇప్పుడే రావాలన్నాను," అంది.

మలేరియా జ్వరంతో వారంరోజులు దుప్పట్లో వణికిన చిన్నతనం నాకు గుర్తుంది. గుప్పెడు పిట్టకి ఆ జ్వరం రావడం ఊహించుకుని, బూటు అడుగు నేనే ఇంకోసారి గీకాను.

ఆ రోజు మాకు కలిసిరాలేదు. పొగమంచు కమ్మేసింది. వాన సన్నగా పడుతూనే ఉంది. ఆ లావా రాళ్ళ మీద నాలుగు గంటలు నడిచాం. ఎక్కడో పిట్టలు అరుస్తున్నాయి గానీ కంటికి ఆనడం లేదు. చివరికి ఒక కొమ్మ మీద ఎర్రగా కదిలింది. "అదిగో! అదిగో తల్లీ!" అని చెయ్యి చాపి అరిచాను. పిట్ట ఎగిరిపోయింది. దానితో పాటు కనబడకుండా ఉన్న మరో పది కూడా ఎగిరిపోయిన చప్పుడు వినిపించింది.

"అది అపపానే. వేరే ఎర్రపిట్ట," అంది అమ్మాయి పళ్ళు బిగించి. "ముక్కు నల్లగా, షార్ట్‌గా ఉంది. ఈవీ ముక్కు పొడుగ్గా, ఆరెంజ్‌గా, వంగి ఉంటుంది. ఎందుకు అరిచావు?"

"సంతోషం పట్టలేక అరిచాను."

"లోపల సంతోషపడు నాన్నా!"

తిరుగు దారంతా అమ్మాయి కిటికీ వైపే తిరిగి కూర్చుంది. ఇంటికి రాగానే అది గదిలోకి పోయింది. నేను మెట్ల మీద కూర్చుంటే, ఆంటీ పెరట్లో బొగ్గుల పొయ్యి మీద సీమపనసకాయని నిలువుగా పెట్టి కాలుస్తూ, "కనబడలేదా?" అంది. జరిగింది చెప్పాను. అమ్మాయిని కూడా పిలవమంది.

ఆవిడ భర్త ఆ కొండ మీదే పనిచేసేవాడట. అడవిపందులు చొరబడకుండా అడవుల చుట్టూ కంచెలు వేసే పని. "ఆయన ఏమనేవాడంటే," అంది కాయని పట్టకారుతో తిప్పుతూ, "జనం పిట్టని వెతుక్కుంటూ నడుస్తారు, అందుకే దొరకదు. బాగా పూసిన చెట్టొకటి చూసుకుని దాని ముందు కూర్చోవాలి. పిట్టకి ఆకలేస్తుంది కదా, అదే వస్తుంది." నా వైపు చూసి, "నీకు ఈ సంగతి అర్థమవ్వాలే," అని నవ్వింది. మా అమ్మాయి కూడా అన్ని గంటల తర్వాత మొదటిసారి నవ్వింది.

కాలిన కాయ పైన బొగ్గులా ఉంది. చెక్కు తీస్తే లోపల వెన్నరంగు గుజ్జు, అప్పుడే కాల్చిన రొట్టె వాసన. సగం వెన్న రాసుకుని అక్కడే తినేశాం. మిగతా సగం నేను ముక్కలు కోసి, పసుపు, కారం, కరివేపాకు పొడి వేసి ఎర్రగా వేయించి డబ్బాలో పెట్టాను. పొద్దున్న దారిలోకి.

తెల్లవారుతుండగా బయల్దేరాం. ఈసారి ఆకాశం కడిగినట్టుంది. సూర్యుడు రాకముందే కొండకొన మీద వెలుగు పడింది. బూట్లు తుడుచుకుని, లోపలికి అర మైలు నడిచి, నిండా పూసిన ఓహియా చెట్టు ఒకటి చూసుకున్నాం. ఆ పువ్వులకి రేకులు కనబడవు, అన్నీ ఎర్రటి కేసరాలే, కుంకుమ అద్దిన కుచ్చుల్లా. పది అడుగుల దూరంలో లావా బండ మీద ప్లాస్టిక్ కవరు పరుచుకుని కూర్చున్నాం. నా ఫోను కారులోనే వదిలేయించింది అమ్మాయి.

కదలకుండా కూర్చోవడం నాకు చేతకాదు. పావుగంటకే కాలు తిమ్మిరెక్కింది. కానీ నెమ్మదిగా అడవి మా సంగతి మర్చిపోయింది. ముందు చిన్న పసుపుపచ్చ పిట్టలు రెండొచ్చాయి. తోక నిక్కబొడుచుకున్న గోధుమరంగు పిట్టొకటి నా బూటుకి రెండడుగుల దూరంలో వాలి, తల వంచి నన్ను పరీక్షగా చూసి పోయింది. అపపానేలు గుంపుగా వచ్చి పువ్వుల మీద పడ్డాయి. ఈసారి నేనే ముక్కులు చూశాను. అన్నీ నలుపే. గంట దాటింది.

అప్పుడు తుప్పుపట్టిన గేటు తీసిన చప్పుడయింది. ఆ అడవిలో గేటెక్కడిది అని నేను తల తిప్పబోయేలోగా అమ్మాయి నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

వచ్చింది. మా కళ్ళ ఎత్తులో ఉన్న కొమ్మ మీద వాలింది. పండుమిరపకాయ ఎరుపు. ఫోటోల్లో చూసిన ఎరుపు కాదు, ఎండ తగిలి మండుతున్న ఎరుపు. రెక్కలు నలుపు. ముక్కు నారింజరంగులో కొడవలిలా వంగి, అంత చిన్న మొహానికి ఎక్కువే అనిపించేంత పొడుగు. తలకిందులుగా వేలాడి ఆ ముక్కుని పువ్వులో దూర్చింది. బయటికి తీసేసరికి నుదుటి మీద పసుపు పుప్పొడి. ఇంకో పువ్వు. ఇంకోటి. తేనె తాగుతుంటే దాని గొంతు ఆడడం కనబడింది. నా గొంతులోంచి అరుపు పైకి వస్తోంది. రెండో చేత్తో నా నోరు నేనే మూసుకున్నాను.

ఇంకోటి వచ్చి దాన్ని తరిమింది. రెండూ గేటు తీసినట్టు, ఈల వేసినట్టు అరుచుకుంటూ చెట్టు చుట్టూ తిరిగి పోయాయి. అంతా కలిపి ఒక నిమిషం ఉంటుందేమో. అమ్మాయి మెడలో కెమెరా అలాగే వేలాడుతోంది. ముట్టుకోనేలేదు.

"ఫోటో?" అన్నాను గుసగుసగా.

అది నా వైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు, నోరంతా నవ్వు. "మర్చిపోయాను నాన్నా. అస్సలు గుర్తులేదు." ఇద్దరం భుజాలు కదిలేలా, చప్పుడు రాకుండా నవ్వాం. తర్వాత కళ్ళు తుడుచుకుని, "మళ్ళీ వస్తుంది. ఆకలి తీరలేదు దానికి," అని కెమెరా చేతిలోకి తీసుకుంది.

వచ్చింది. ఒకటి కాదు, ఆ పొద్దున మొత్తం ఏడు లెక్కపెట్టింది అమ్మాయి. ఎండ బాగా ఎక్కాక వేపుడు డబ్బా తీశాం. చల్లారిపోయిన సీమపనస ముక్కలు, పక్కన ఆవకాయ బద్ద. తింటుంటే నా చేతిలోంచి ఒక ముక్క జారి రాళ్ళ సందులో పడింది. ఒక్క మెతుకు పడ్డా ఎలుకలొస్తాయని అమ్మాయి బోర్లా పడుకుని, చెయ్యి దూర్చి దాన్ని బయటికి లాగింది. దాన్ని టిష్యూలో చుట్టి జేబులో పెట్టుకున్నాను. ఆ వేపుడంత రుచిగా నేను ఏ బంతిలోనూ తినలేదు. పైన ఒక డేగ గుండ్రంగా తిరుగుతుంటే, అది కూడా ఈ దీవుల్లో తప్ప ఇంకెక్కడా పెరగదని చెబుతూ అమ్మాయి నోట్లో ముద్దతోనే లేచి నిలబడింది.

చివరి రోజు మధ్యాహ్నం ఆంటీ మమ్మల్ని భోజనానికి పిలిచింది. లావ్‌లావ్ వండింది. చేమాకుల్లో చేప, పంది మాంసం చుట్టి, పైన ఇంకో గట్టి ఆకు కట్టి, నాలుగు గంటలు ఆవిరిమీద ఉడికించిన పొట్లాలు. మా అమ్మాయి మాంసం మానేసి ఏడాదైంది. దానికోసం విడిగా చిలగడదుంప, కొబ్బరి పెట్టి చుట్టింది. పొట్లం విప్పితే ఆకూ, చేపా కలిసి వెన్నలా చెంచాకి వచ్చేశాయి. పక్కన రెండు చిన్న గిన్నెల్లో ఊదారంగు ముద్ద. పోయ్ అంటారు దాన్ని. చేమదుంపలు ఉడకబెట్టి, దంచి, నీళ్ళు కలిపి చేస్తారు.

"ఇది ఈరోజుది. అది మూడురోజులు పులిసినది. వచ్చినవాళ్ళెవరికీ పులిసింది నచ్చదు. నువ్వు ముందు ఇది తిను," అంది.

నేను పులిసిన గిన్నెలో వేలు ముంచి నాకాను. ఒక్కసారిగా వీపు నిటారైంది. తరవాణి! కుండలో పులిసిన అన్నం మీద తేరిన ఆ పుల్లటి నీళ్ళ రుచి, చల్లదనం, అచ్చంగా అదే. గిన్నె ఎత్తి చివరిదాకా ఊడ్చేశాను. ఆవిడ చేతిలో గరిటె గాలిలోనే ఆగిపోయింది. మా ఊళ్ళో అన్నాన్ని ఇలాగే పులియబెట్టి ఎండాకాలం తాగుతామని చెప్పాను. కుండ ఎంత పెద్దది, ఎన్ని రోజులు, ఉప్పు ఎప్పుడు వేస్తారు అని ఆవిడ వరసగా అడిగింది. నా ఇంగ్లీషు అందని చోట అమ్మాయి అందుకుంది. మూడోసారి పోయ్ వడ్డిస్తూ, "బడిలో ముప్ఫై ఏళ్ళు వండాను. పులిసిన పోయ్ ఇంకా వెయ్యమని అడిగిన టూరిస్టుని ఇవాళే చూశాను," అంది.

విమానాశ్రయంలో, అమెరికా మెయిన్‌ల్యాండ్‌కి వెళ్ళే సామానంతా పళ్ళకోసం, మొక్కలకోసం ఒకసారి తనిఖీ చేస్తారు. పళ్ళకి పురుగులుంటాయని, తీసుకెళ్ళనివ్వరు. యూనిఫాంలో ఉన్న ఒకామె మా పెట్టె బెల్ట్ మీద పెట్టించి, "పళ్ళు, కూరగాయలు, ఆకులు ఏమైనా ఉన్నాయా?" అని అడిగింది.

"ఉన్నాయి, కానీ అన్నీ కడుపులోనే ఉన్నాయి," అన్నాను.

ఆమె నవ్వి, ఏం తిన్నామో, ఏం చూశామో అడిగింది. ఆ ఒక్క ప్రశ్న చాలు మా అమ్మాయికి. కెమెరా ఆన్ చేసి ఆమె ముందు పెట్టింది. తలకిందులుగా వేలాడుతున్న ఎర్రపిట్ట, నుదుట పుప్పొడితో. ఆమె ఈ దీవిలోనే పుట్టిందట. ఈవీని పాఠాల్లో బొమ్మలుగా చూడడమే తప్ప ఎప్పుడూ ఎదురుగా చూడలేదట. పక్క బెల్ట్ దగ్గరున్నతన్ని పిలిచింది. ఇద్దరూ ఆ చిన్న తెర మీదికి వంగిపోయారు. ఎక్కడ, ఏ రోడ్డు, ఎంత దూరం అని అడిగితే మా అమ్మాయి నోట్‌బుక్కులో కాగితం చింపి దారి గీయడం మొదలుపెట్టింది. వెనక లైను పెరుగుతోంది. ఎవరూ ఏమీ అనలేదు. నా వెనకున్న ముసలాయన మెడ చాపి, "ఆ పిట్టేనా? నాకూ చూపించమ్మా," అన్నాడు.